అంచు మీద పేరు

ఫిబ్రవరి 9

అక్క ఉన్న ఇంటి ఓనరమ్మ ఫోను చేసింది. గది ఖాళీ చేయాలట. "తొందరేం లేదండీ. కాకపోతే పదిహేనో తారీఖున కొత్తవాళ్ళు దిగుతున్నారు" అంది. తొందర లేకపోవడమంటే ఇదన్నమాట.

అక్క పోయి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. నాకు తెలిసి ఇరవై రోజులు. మధ్యలో ఆ రెండు రోజులూ నేనేం చేస్తున్నానో గుర్తు చేసుకున్నాను. ఒకరోజు చదరంగం పోటీ కప్పు మీద పేరు చెక్కాను. రెండో రోజు దుప్పట్లు ఉతుక్కున్నాను.

నాకు బాధేమీ లేదు. ఆరేళ్ళుగా మాటల్లేవు కదా. ఉన్నప్పుడు లేని మనిషి పోతే కొత్తగా పోయేదేముంది?

ఫిబ్రవరి 11

గది ఖాళీ చేశాను. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి సామాను ఒక్క టాక్సీలో పట్టేసింది. డ్రైవరు "ఇంకేమైనా ఉందా సార్?" అని రెండుసార్లు అడిగాడు. అంతేనంటే నమ్మలేదు.

ఓనరమ్మ మెట్ల దగ్గర నిలబడి నన్ను ఎగాదిగా చూసింది. "మీరేనా తమ్ముడుగారు? ఆవిడ చెబుతుండేవారు. మా తమ్ముడు గొప్ప పనివాడు, రాజుల కప్పుల మీద పేర్లు చెక్కుతాడూ అని."

"రాజులు కాదండీ, క్యారమ్స్ క్లబ్బులు" అన్నాను.

అక్క దగ్గరికి ఎవరైనా వచ్చేవారా అని అడిగాను. "ఎవరూ రారండీ. ఎప్పుడూ ఎవరూ రాలేదు. ఆవిడకి అలవాటే" అంది. ఆ మాట అంటూ ఆవిడ నా వంక చూడలేదు. మర్యాదస్తురాలు.

కుట్టు మిషను సొరుగు బిగుసుకుపోయింది. ఇంటికి తెచ్చాక స్క్రూలు విప్పి తీశాను. బాబిన్లు, విరిగిన సూదులు, గట్టిపడ్డ మైనం ముద్ద ఒకటి. అన్నిటికీ అడుగున మైనపు గుడ్డలో చుట్టి, దారంతో కట్టి, ఒక పతకం.

ఫిబ్రవరి 12

పతకాన్ని పగటి వెలుగులో చూశాను. కంచు. అరచేతిలో సగం ఉంది. ఒక పక్క అలలు, వాటి మీద రెండంతస్తుల రెక్కల విమానం. రెండో పక్క ఆకుల దండ, మధ్యలో తారీఖు. సముద్రం మీదుగా దీవులకి మొదటిసారి ఉత్తరాలు మోసుకెళ్ళిన విమానం తాలూకు జ్ఞాపికట. చుట్టూ ఆ ముక్కే రాసుంది. అక్క వయసులో ఉన్నప్పుడు విమానాల షెడ్డులో పనిచేసేది. రెక్కలకు బట్ట కుట్టేది. అప్పట్లో ఆ చిన్న విమానాల రెక్కలంటే చెక్క బద్దలు, వాటి మీద బిగించి కుట్టిన గుడ్డ, అంతే. ఇప్పుడు చెబితే ఎవరూ నమ్మరు.

అంచు దళసరిగా ఉంది. అంచు మీద అక్క పేరు. ఎవరో పని నేర్చుకుంటున్నవాడు చెక్కినట్టుంది. మూడో అక్షరం దగ్గర ఉలి జారి గీత పక్కకి పోయింది. అక్షరం మీది గుడి మరీ పెద్దదైంది. చెయ్యి తిరిగినవాడెవడూ అలా చెక్కడు.

దీని ఖరీదెంతో కనుక్కోవాలి. అమ్మేద్దామని కాదు. చేతికొచ్చిన వస్తువేమిటో తెలియాలి కదా.

ఫిబ్రవరి 14

ఒక్క ఫోను వచ్చింది. రాంగ్ నంబరు. ఆయన సారీ చెప్పి పెట్టేసేలోగా, మీ వైపు చలి తగ్గిందా అని అడిగాను. తగ్గిందట.

ఫిబ్రవరి 17

పాత నాణేల షాపుకి వెళ్ళాను. రైల్వే గేటు దాటాక రెండో సందు. ఇద్దరు నిలబడితే మూడోవాడు బయట ఉండాల్సినంత షాపు. ఆయన వయసు నా కంటే ఓ పదేళ్ళు తక్కువుంటుంది. కంట్లో భూతద్దం బిగించుకుని మాట్లాడతాడు కాబట్టి ఒక కన్ను మనల్నీ ఒక కన్ను మన లోపలికీ చూస్తున్నట్టుంటుంది.

ముందు తూకం వేశాడు. "అరవై రెండు గ్రాములు. శుభం."

"ఏమిటండీ శుభం?"

"జనానికి అమ్మినవి నలభై దాటవు. పోస్టాఫీసు కౌంటర్లలో పెట్టి వేలకి వేలు అమ్మారు. అవి తెస్తే మాత్రం నన్ను ధర అడక్కండి, తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకోమంటాను." అంచుని దీపం కిందకి తెచ్చి చిన్న ముద్ర చూపించాడు. ఆవగింజంత చుక్కలో గంట బొమ్మ. "ఇది టంకశాల ముద్ర. ఇది ఉందంటే అమ్మకానికి కొట్టింది కాదు. ఆ విమానం కోసం పనిచేసినవాళ్ళకి ఇచ్చింది. మొత్తం ఇరవై నాలుగే కొట్టారు. నేను ముప్పై ఏళ్ళలో మూడు చూశాను. ఇది నాలుగోది."

ఆయన పతకాన్ని ఇంకొంచెం తిప్పాడు. అంతే, మొహం పాలల్లో ఈగ కనబడ్డట్టు అయింది.

"అయ్యయ్యో. ఎవరండీ ఈ పని చేసింది?"

"ఏమైందండీ?"

"టంకశాలవాళ్ళు పేరు వేస్తే అచ్చక్షరాలతో గుద్దుతారు. ఇది చేత్తో గీకింది. అదీ చేతకానివాడెవడో మేకు పెట్టి గీకినట్టుంది. బంగారంలాంటి వస్తువు, చెడగొట్టి పెట్టాడు. ఎవరో మీకు తెలుసా?"

"తెలీదండీ" అన్నాను.

"మీరేం చేస్తుంటారు?"

"రిటైరయ్యాను."

కొనేవాళ్ళెవరైనా ఉంటే కనుక్కుని చెబుతానన్నాడు. నంబరు రాసుకున్నాడు.

ఫిబ్రవరి 18

పన్నెండో తారీఖున నేను ఇక్కడ రాసింది అబద్ధం. నిన్న ఆయనతో చెప్పిందీ అబద్ధమే. ఆయనతో అంటే సరే. నా డైరీలో నాకు నేనే అబద్ధం రాసుకోవడమేమిటి, దీన్ని ఎవరు చదువుతారని!

పని నేర్చుకుంటున్నవాడు ఎవరో కాదు. సొరుగులో గుడ్డ విప్పగానే ఆ మూడో అక్షరం నన్ను గుర్తుపట్టింది.

కప్పుల షాపులో చేరి అప్పటికి నాలుగు నెలలు. పదిహేనేళ్ళు నాకు. మేస్త్రి నా చేత ఇత్తడి ముక్కల మీద గీతలు తప్ప ఏమీ గీయించేవాడు కాదు. అక్క పెట్టెలో ఈ పతకం చూశాను. అంచు నున్నగా, ఖాళీగా ఉంది. అక్క పనిచేసే షెడ్డులో అంత మంది ఉండగా అక్కకే ఇచ్చారు, దాని మీద అక్క పేరు లేకపోవడమేమిటి అనిపించింది. అక్క షెడ్డుకి వెళ్ళాక జేబులో వేసుకుని షాపుకి పట్టుకెళ్ళాను. మేస్త్రి మధ్యాహ్నం కునుకు తీస్తుంటే ఆయన ఉలితోనే చెక్కాను. మూడో అక్షరం దగ్గర ఉలి జారింది. అయినా చెక్కాను. నా జీవితంలో నేను చెక్కిన మొదటి పేరు అది. తర్వాత ఎన్ని వేల పేర్లు చెక్కానో.

సాయంత్రం అక్క చేతిలో పెట్టాను. అక్క చాలాసేపు దాన్ని తిప్పి తిప్పి చూసింది. కళ్ళ నిండా నీళ్ళు. "బాగుందిరా. మూడో అక్షరం వంకర పోయింది, పర్లేదు" అంది. తల మీద చెయ్యి వేసింది. అమ్మ పోయేనాటికి నాకు ఆరు, అక్కకి పదిహేను. నన్ను పెంచడంలోనే దాని పెళ్ళి ఈడు దాటిపోయింది. ఆ రోజు నేను దానికి ఏదో ఇచ్చాననుకున్నాను. ఆ సంతోషం చాలా ఏళ్ళు దాచుకున్నాను.

చేతకానివాడట. ఒప్పుకుంటాను. అయితే మేకు కాదు. రెండో నంబరు ఉలి.

ఫిబ్రవరి 23

నాణేల షాపాయన ఫోను. విమానాల పతకాలే పోగుచేసే ఆయనొకరు ఉన్నారట. ఇస్తానన్న మొత్తం చెప్పాడు. నా ఏడాది అద్దెకి పైనే.

"కాకపోతే రెండు షరతులండీ. ఒకటి, ఎవరికి ఇచ్చారో ఆ విమానం నడిపిన ఫ్లయింగ్ క్లబ్బు రిజిస్టరులో ఉంటుంది, దాని కాపీ కావాలి. రెండు, అంచు మీద ఆ గీకుడు తీసేయించాలి. టంకశాల ముద్ర చెదరకూడదు, బరువు గ్రాము కంటే ఎక్కువ తగ్గకూడదు. అది అందరి వల్లా అయ్యే పని కాదు. ఊళ్ళో ఒక్కడే ఉన్నాడట, కప్పుల షాపులో, ఎవరో ముసలాయన. ఆయన్ని పట్టుకోండి."

పట్టుకుంటానన్నాను.

ఫిబ్రవరి 24

కుడి కంట్లో పొర ఇంకా దళసరైంది. ఆ డబ్బొస్తే రెండు కళ్ళకీ ఆపరేషను చేయించుకోవచ్చు. షాపులో ఇప్పుడు అంతా మిషనే చెక్కుతోంది, నెలకి ఒకటో రెండో చేతి పనులొస్తాయి. నాకు అది గంట పని. పోనీ రెండు గంటలు.

అక్క ఉంటే ఏమనేది? "ముందు కళ్ళు చేయించుకోరా" అనేది. అనేదే.

మార్చి 2

ఫ్లయింగ్ క్లబ్బు ఆఫీసు. పొడుగాటి హాలు, సున్నం వేసి ఎన్నాళ్ళయిందో. రికార్డులు చూసే మేడమ్ ఒక్కర్తే ఉంది. నిచ్చెన వేసుకుని తనే ఎక్కి రిజిస్టరు దింపింది. దుమ్ముకి ఇద్దరం తుమ్మాం.

ఇరవై మూడు పేర్లు వరసగా ఉన్నాయి. పైలట్లు ఇద్దరు, ఇంజను మెకానిక్కులు, వడ్రంగులు, తపాలా అధికారులు. అక్క పేరు లేదు. ఇరవై నాలుగో వరసలో ఇలా ఉంది. రెక్కల కుట్టు విభాగం. తొమ్మిది మందికి కలిపి ఒకటి. పేరు వేయలేదు.

కింద తొమ్మిది సంతకాలు. ఏడోది అక్కది. నా బడి ప్రోగ్రెస్ కార్డుల మీద పెట్టేదే, ఆ చివరి అక్షరం తోక పొడుగ్గా లాగడం. ఆ పేజీకి కాపీ తీయించుకున్నాను.

"వీళ్ళలో ఒకావిడ ఇంకా ఉన్నారండీ. మూణ్ణెల్లకోసారి పెన్షన్ కాగితం పంపుతారు" అంది మేడమ్.

అడ్రసు అడిగాను. "ఇవ్వకూడదండీ. రూలు ఒప్పుకోదు" అంది. తర్వాత ఒక కవరు తీసి దాని మీద తీరిగ్గా ఏదో రాసి, నా వైపు తిప్పి పెట్టి, టీ తాగడానికి లోపలికి వెళ్ళింది. నేను కాగితం మీద ఎక్కించుకునేదాకా రాలేదు.

మార్చి 3

తొమ్మిది మందికి ఒకటి.

మరి అక్క దగ్గరే ఎందుకు ఉండిపోయింది?

ఆ రోజు పెట్టె తీసి చూసినప్పుడు అది అక్కదే అనుకున్నాను. అడగలేదు. అడగాల్సింది ఏముందని.

మార్చి 8

వెళ్ళొచ్చాను.

లాండ్రీ షాపు మీద మూడో అంతస్తు. కింది నుంచి ఇస్త్రీ ఆవిరి మెట్ల మీదకి వస్తూంటుంది. ఎనభై మూడేళ్ళ మనిషి, వెన్ను నిటారుగా. కూతురు ఉద్యోగానికి వెళ్ళిందట. రేడియో పాడుతోంది. చిన్నప్పుడు మా ఇంటికి వచ్చేది, నాకు బాగా గుర్తు. షెడ్డులో వాళ్ళందరికీ మారుపేర్లు ఉండేవి. ఈవిడ దబ్బనం. ఇంకొకావిడ కత్తెర. దారానికి మైనం పట్టించడంలో అక్కని మించినవాళ్ళు లేరని అక్క మైనం.

"దబ్బనమక్కా" అన్నాను.

ఆవిడ కళ్ళు చిట్లించింది. "ఆ పేరెత్తి పిలిచినవాళ్ళు పోయి ఎన్నాళ్ళో అయింది. ఎవరు నువ్వు? ఉండు, చెప్పకు. మైనం తమ్ముడివి. ఆ చెవులు చూస్తే తెలీదూ!"

"అక్క పోయింది. జనవరిలో."

రేడియో కట్టేసింది. కాసేపటికి మళ్ళీ పెట్టింది, చిన్నగా. "కూర్చో" అంది.

పతకం బల్ల మీద పెట్టాను. ముట్టుకోలేదు. పాముని చూసినట్టు చూసింది.

"ఇది అక్క దగ్గరే ఎందుకుండిపోయిందో తెలీక వచ్చాను" అన్నాను.

"నీకు చెప్పలేదూ? ఎలా చెబుతుంది, సిగ్గుపడాల్సిన పని కదా!" అని మొదలుపెట్టింది. ఆవిడ చెప్పింది చెప్పినట్టే రాస్తాను.

"పతకం ఒక్కటి, మేం తొమ్మిదిమందిమి. కోసుకుని పంచుకోలేం కదా. ఏడాదికొకరింట్లో ఉండేట్టు చీట్లు వేసుకున్నాం. మొదటి చీటీ మీ అక్కకి వచ్చింది. రెండోది నాకు. తొమ్మిదేళ్ళకి చుట్టు తిరిగి మళ్ళీ దాని దగ్గరికి రావాలి. ఏడాదైంది. భోజనాల వేళ అందరం బల్ల చుట్టూ చేరాం. అది పతకం తెచ్చి నా ముందు పెట్టింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను అంచు పట్టుకుని తిప్పాను. వేలికి గరుకుగా తగిలింది. చూస్తే దాని పేరు! తొమ్మిది మంది వేళ్ళు చిల్లులు పడితే వచ్చిన పతకం మీద దాని ఒక్కదాని పేరు!"

"అక్క ఏమంది?"

"ఏమంటుంది? కత్తెరకి ఒళ్ళు మండిపోయింది. ఏ షాపువాడు చెక్కాడో చెప్పు, వాడి సంగతి, వాడి యజమాని సంగతి తేలుస్తాం అని లేచింది. మేమూ లేచాం, ఊళ్ళో చెక్కే షాపులు మూడే కదా అని. మీ అక్క వెళ్ళి తలుపుకి అడ్డం నిలబడింది. 'వాడిదేం తప్పులేదు. నా పేరు నాకు కావాలనిపించింది, డబ్బిచ్చి చెక్కించుకున్నాను. ఏమన్నా అంటే నన్నే అనండి' అంది. అన్నాం. నోటికొచ్చినవన్నీ అన్నాం. పతకం దాని ముందుకే తోసేసి, ఉంచుకో, దీనితోటే మాట్లాడుకో అన్నాం."

కింద ఎవరో ఇస్త్రీ పెట్టె దబ్బున పెట్టిన చప్పుడు.

"రెక్క కుట్టడం ఎప్పుడన్నా చూశావా? నిలబెట్టిన రెక్కకి ఇవతల ఒకరు, అవతల ఒకరు. ఇటు నుంచి నేను సూది గుచ్చితే అటు నుంచి మీ అక్క లాగి, మళ్ళీ ఇటు పంపాలి. ఒకరి మొహం ఒకరికి కనబడదు. అంతకుముందు గుడ్డ అడ్డం ఉన్నా వాగుతూనే ఉండేవాళ్ళం. ఆ తర్వాత రెండేళ్ళు సూది ఒక్కటే అటూ ఇటూ తిరిగింది. మాట తిరగలేదు. ఒకరోజు మానేసి వెళ్ళిపోయింది. ఆగమనడానికి ఒక్కరం లేవలేదు."

నేను నేల చూస్తున్నాను.

"అప్పట్లో నువ్వు చదువుకుంటున్నావు కదూ?" అంది.

"లేదక్కా. పనిలో చేరాను."

"ఓహో" అంది. ఏ పని అని అడగలేదు.

చెప్పేద్దామనే అనుకున్నాను. సరిగ్గా అప్పుడే రేడియోలో ఆవిడకి ఇష్టమైన కార్యక్రమమేదో మొదలైంది. మధ్యలో ఎందుకని లేచాను. టీ పెడతానంది. వద్దన్నాను.

మార్చి 9

రేడియో కార్యక్రమం గురించి రాసింది కూడా అబద్ధమే. అప్పుడు వార్తలు వస్తున్నాయి.

ఇక అసలు సంగతి. ఆరేళ్ళ కిందట, మా ఆవిడ పోయిన ఏడాది, నా ఇంటికొచ్చి ఉండమని అక్కని అడిగాను. దాని మంచికే అన్నట్టు అడిగాను గానీ, సాయంత్రం ఇంటికొస్తే దీపం వేసి ఉండాలన్నది నా బాధ. అక్క రానంది. "నా గది నాకు చాలురా" అంది. నాకు కోపమొచ్చింది. అప్పుడు నేనన్న మాట ఇన్నాళ్ళూ ఈ పుస్తకంలో రాయలేదు. ఇవాళ రాస్తున్నాను.

"ఏం చూసుకుని నీకింత పట్టుదల? నీ గుమ్మం తొక్కే మనిషి లోకంలో ఒక్కరైనా ఉన్నారా?"

అక్క నవ్వింది. "నువ్వున్నావుగా" అంది.

తర్వాత ఆరేళ్ళు నేను ఆ గుమ్మం తొక్కలేదు.

మార్చి 10

షాపుకి వెళ్ళలేదు.

మార్చి 11

వెళ్ళలేదు.

మార్చి 13

పొద్దున లేచేసరికి ఒక ఆలోచన తట్టి కాస్త ఊపిరాడింది. అంచు మీద ఇంకా ముప్పావు వంతు ఖాళీ ఉంది. రిజిస్టరు కాపీలో మిగతా ఎనిమిది పేర్లూ ఉన్నాయి. అక్షరం చిన్నది చేస్తే పడతాయి. చెక్కేసి దబ్బనమక్క ముందు పెడదాం, చూసి ఆశ్చర్యపోతుంది, అనుకున్నాను.

షాపుకి వెళ్ళి పతకాన్ని వైస్‌లో తోలు ముక్కల మధ్య బిగించాను. కొలతలు తీశాను. సీసం పెన్సిల్‌తో మొదటి పేరు గుర్తు పెట్టాను. ఉలికి పదును పెట్టాను. ఎడమ కన్ను ఇంకా పనిచేస్తుంది, ఆ కంటికి అద్దం బిగించుకున్నాను. చెయ్యి ఆనించాను.

ఆశ్చర్యపోతుంది.

అప్పుడూ అదే కదా అనుకున్నాను, ఆ మధ్యాహ్నం, మేస్త్రి గురక పెడుతుంటే. చూసి ఆశ్చర్యపోతుందని. అడిగానా? అప్పుడు అడగలేదు. ఇప్పుడూ అడగలేదు. అరవై తొమ్మిదేళ్ళొచ్చినా అదే చెయ్యి, అదే బుద్ధి.

ఉలి కింద పెట్టి పెన్సిల్ గీత తుడిచేశాను.

మార్చి 14

నాణేల షాపాయన ఫోను. "ఆ ముసలాయన దొరికాడా అండీ?"

"దొరికాడండీ. పేరు తీయనన్నాడు."

"డబ్బెక్కువిస్తామని చెప్పకపోయారా?"

"చెప్పాను. మొండి మనిషండీ. అమ్మకం వద్దులెండి."

ఆయన నిట్టూర్చాడు. "మీ ఇష్టం. అయినా ఇంకా ఎవరైనా పనివాడు తగిలితే..." అన్నాడు. తగలడని చెప్పాను.

మార్చి 17

మళ్ళీ ఆ మూడంతస్తులూ ఎక్కాను. రెండో అంతస్తులో ఆగాను. ఆయాసం వల్లనే ఆగాననుకున్నాను గానీ, ఆయాసం తీరాక కూడా చాలాసేపు నిలబడ్డాను.

దబ్బనమక్క తలుపు తీసి, "మళ్ళీ వచ్చావేం?" అంది.

గుమ్మంలోనే చెప్పేశాను. కూర్చుంటే చెప్పలేనని భయం. "ఆ పేరు చెక్కింది నేనక్కా. అక్కకి తెలీదు. పెట్టెలోంచి తీసుకెళ్ళి చెక్కాను. పదిహేనేళ్ళు నాకు. కప్పుల షాపులో పనికి చేరిన కొత్త. అందరికీ ఒకటేనని నాకు తెలీదు. అక్కని అడగలేదు."

ఆవిడ తలుపు రెక్క పట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత మెల్లగా గుమ్మం పక్కనున్న కుర్చీలో కూర్చుంది. నేను లోపలికి రావచ్చో లేదో తెలీక గుమ్మంలోనే ఉన్నాను.

"మరి డబ్బిచ్చి చెక్కించుకున్నానందే?"

"మీరందరూ షాపు మీదకి వస్తే మా మేస్త్రి నన్ను మెడపట్టి గెంటేసేవాడు. ఆయన ఉలి చెప్పకుండా తీశాను కూడా. పని పోయేది."

"అందుకని తలుపుకి అడ్డం నిలబడింది" అంది ఆవిడ. నాతో అన్నట్టు లేదు. "ఒక్క ముక్క మాతో చెప్పి ఉంటే..."

"చెబితే ఏం చేసేవారక్కా?"

"ఏముంది, నీ చెవి మెలిపెట్టి వదిలేసేవాళ్ళం."

చెవి మెలిపెట్టి వదిలేసేవాళ్ళట. ఆవిడ నా మొహం చూసినట్టుంది. "ఏమో. వదిలేసేవాళ్ళం కాదేమోలే. కత్తెర వదిలే రకం కాదు. అప్పట్లో మాకూ పొగరే" అంది.

రేడియో లేదు. కింద నీళ్ళు చిలకరించిన బట్ట మీద ఇస్త్రీ పెట్టె సుయ్యిమనడం వినిపిస్తోంది.

"యాభై నాలుగేళ్ళు మోశానయ్యా ఈ కోపం. ఇప్పుడొచ్చి దింపమంటున్నావు. ఎక్కడ దింపను? అది లేదు. కత్తెర లేదు. ఎనిమిది మందిలో ఒక్కతీ లేదు. మనం పొరబడ్డామర్రా అని ఎవరితో చెప్పను నేను?"

జేబులోంచి పతకం తీసి అడిగాను. "అక్కా, అక్క పేరు తీసేయమంటే తీసేస్తాను, ఆనవాలు కూడా ఉండదు. లేదూ మీ అందరి పేర్లూ చెక్కమంటే చెక్కుతాను. మీరెలా చెబితే అలా."

"ఈసారి అడుగుతున్నావు. సంతోషం" అంది. ఎత్తిపొడుపే. అయినా నాకు బాగుంది. చెయ్యి చాచింది. మొన్న ముట్టుకోని మనిషి, అంచు వెంబడి గోరు పెట్టి మెల్లగా తిప్పింది. మూడో అక్షరం దగ్గర గోరు ఆగింది. పతకాన్ని తిరిగి నా చేతిలో పెట్టింది.

"తీయకు. మా పేర్లూ వెయ్యకు. ఎవరి కుట్టు ఎవరిదో తెలిస్తే రెక్క కుట్టడం రానట్టే లెక్క, మా పని అలాంటిది. ఈ పేరొకటి పడింది, పడనీ. దీనికి అది ఇచ్చుకున్నంత మూల్యం మేమెవరం ఇచ్చుకోలేదు."

"అలాగే అక్కా."

"ఇక్కడ పెట్టి వెళ్ళు. రెండో చీటీ నాదే."

పెట్టాను.

"నిన్ను క్షమించాననుకుని వెళ్ళేవు. అలాంటిదేం లేదు."

"అనుకోనక్కా."

"గుమ్మంలో ఏం నిలబడతావు, లోపలికి రా. టీ తాగి వెళ్ళు."

తాగాను. పంచదార ఎక్కువైంది. కప్పు కడిగి పెట్టి వచ్చాను.

మార్చి 18

ఏడ్చాను. అంతకంటే రాయడానికేమీ లేదు.

మార్చి 21

కుట్టు మిషనుకి నూనె వేశాను. నడుస్తోంది. నాకు కుట్టడం రాదు. ఊరికే తొక్కాను.

మార్చి 25

ఫోను మోగితే రాంగ్ నంబరే అనుకున్నాను. దబ్బనమక్క. నంబరు ఇచ్చి వచ్చాను గానీ చేస్తుందనుకోలేదు.

"కత్తెర కూతురు దొరికింది" అంది, పలకరింపు కూడా లేకుండా. "పాత పుస్తకంలో నంబరుంటే చేశాను. బడిలో పంతులమ్మట. వాళ్ళమ్మ చచ్చేదాకా మీ అక్కని తిడుతూనే ఉందట, ఎందుకో ఈ పిల్లకి తెలీదు. ఆదివారం వస్తానంది. పతకం చూపిస్తానని మాత్రం చెప్పాను. మిగతాది నువ్వే చెప్పాలి. నా నోటితో నేను చెప్పను."

"వస్తానక్కా."

"ఇదయ్యాక ఇంకా ఆరిళ్ళున్నాయి. వాళ్ళ పిల్లలో, మనవలో, ఎవరో ఒకరు ఉండకపోరు. నాకు మెట్లు దిగే ఓపిక లేదు. వెతకడం నీ పని."

"వెతుకుతాను."

"కళ్ళద్దాలు పెట్టుకుని రా. మొన్న కప్పు సరిగ్గా కడగలేదు" అని పెట్టేసింది.

మార్చి 28, శనివారం

చొక్కా ఇస్త్రీ చేసుకున్నాను. రేపు పది గంటలకి.

ఆ అమ్మాయిది యాభై దాటిన వయసట. అమ్మాయి అని రాస్తున్నాను, అక్క ఉంటే అలాగే అనేది. వాళ్ళమ్మ మొహం నాకు గుర్తు లేదు, గొంతు గుర్తుంది. మా ఇంటి వీధి చివర నుంచే "ఒసేయ్ మైనం" అని కేకేసుకుంటూ వచ్చేది. ఆ కేక ఒక రోజున ఆగిపోయింది. ఎందుకాగిందని ఇంట్లో ఉన్న నేను ఎన్నడూ అడగలేదు.

ఎలా మొదలుపెట్టాలో ముందే రాసుకుంటే మంచిదని పొద్దుట్నుంచీ కూర్చున్నాను. పదిహేనేళ్ళ వయసు, కొత్త పని, తెలియనితనం, అన్నీ రాసి కొట్టేశాను. అవన్నీ నా తరఫు మాటలు. ఆవిడకి కావలసింది వాళ్ళమ్మ సంగతి, మా అక్క సంగతి. ఐదోసారి మిగిలింది ఇదొక్కటే, రేపు దీనితోనే మొదలుపెడతాను.

"నమస్కారమండీ. మీ అమ్మగారూ మా అక్కా ప్రాణస్నేహితులు."